‘కరెంటు ఉంది’ అంటే ఉన్నదేమిటి?

ప్రశ్న: పదో తరగతి పుస్తకంలో కరెంటు అంటే విద్యుత్ ప్రవాహం, ఆంపియర్లలో కొలుస్తారు. ఇంట్లో మనం "కరెంటు ఉందా, పోయిందా" అంటాం. రెండూ ఒకటేనా? మన వాడుక తప్పని పిల్లలకి చెప్పాలా?

జవాబు: తప్పనక్కర్లేదండీ. కానీ రెండూ ఒకటి కాదు. ప్లగ్గులో ఏమీ పెట్టకుండా స్విచ్చి వేసి ఉంచితే, ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజు కన్నంలో టెస్టరు పెడతాడు. లోపలి బుల్లి నియాన్ దీపం ఎర్రగా వెలుగుతుంది. "కరెంటుందండీ" అంటాడు. ఆ టెస్టరులోంచి అతని వేలికి వచ్చేది ఒక మిల్లీ ఆంపియరు కూడా ఉండదు. టెస్టరు తీసేస్తే అదీ లేదు. అయినా అక్కడ ఉన్నది ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల తేడా, అంటే పొటెన్షియల్ భేదం. ‘కరెంటు ఉంది’లో కరెంటంటే వోల్టేజీయే. ప్రవాహం సాగాలంటే వలయం పూర్తవ్వాలి.

అసలు కరెంటు మన మాటల్లో ఇంకోచోట ఉంది. "గీజరు కరెంటు బాగా లాగుతుంది" అంటాం చూశారా, అది పక్కా ఫిజిక్సు. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. సాకెట్టు ఒకటే, దాని వోల్టేజీ ఒకటే. ఎంత లాగాలన్నది తగిలించిన వస్తువును బట్టి ఉంటుంది. "కరెంటు కొట్టింది" కూడా సరైనదే, ఒంట్లోంచి పారితేనే కొడుతుంది.

"ఈ నెల కరెంటు ఎక్కువ కాలింది" మాత్రం మూడో అర్థం. ప్రవాహం కాలిపోదు. ఫేజులో వచ్చినంతా న్యూట్రల్‌లో తిరిగి వెళ్తుంది. ఖర్చయ్యేది శక్తి. మీటరు లెక్కపెట్టే యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్.

ఇంకొకరు: బాగా చెప్పారు సార్. మా వైపు రైతులు ఈ తేడాలు ఎప్పుడో పట్టుకున్నారు. "కరెంటుంది గానీ వోల్టేజీ లేదు, మోటారు లాగట్లేదు" అంటారు. త్రీ ఫేజు మోటారుకి ఒక్క తీగలో సరఫరా ఆగినా "ఫేజు పోయింది, స్టార్టరు వెయ్యకు, కాయిలు కాలుద్ది" అని కేకేస్తారు.

ప్రశ్నించినవారు: మరి మా ఇంట్లో "ఫీజు పోయింది" అంటారే, అదీ ఈ ఫేజేనా?

జవాబు: కాదండీ, అది ఫ్యూజు. లోపలి సన్న తీగ కరిగిపోయింది. ఫీజు మనింట్లో పోతుంది, ఫేజు పోతే లైన్‌మన్ రావాలి.