పిట్లోక్రీలో కుళాయి నీళ్లు: సబ్బు వదలదు, సింక్‌లో ఆకుపచ్చ మరక

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి స్కాట్లాండ్‌లోని పిట్లోక్రీలో ఒక పాత రాతి ఇంట్లో అద్దెకు దిగి నెల అయింది. అక్కడ బోరు నీళ్లకు కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. ఇక్కడ ఆ జాడే లేదు. కందిపప్పు కూడా రెండు విజిల్స్‌కే వెన్నలా ఉడుకుతోంది. స్నానం చేస్తే మాత్రం సబ్బు ఎంతకీ వదలదు, ఒళ్లంతా జారుడే! ఇది సాఫ్ట్ వాటర్ (ఖనిజ లవణాలు తక్కువున్న మెత్తని నీళ్లు) వల్లేనని అర్థమైంది.

అసలు టెన్షన్ వేరే. వంటింటి కుళాయి చుక్క పడేచోట సింక్‌లో నీలం, ఆకుపచ్చ కలిసిన మరక పడుతోంది. పొద్దున్నే పట్టిన మొదటి గ్లాసు నీళ్లు ఇనుప రుచి. రాగి పైపుల వల్లే అనుకుంటున్నాను. కానీ 1970కి ముందు కట్టిన ఇళ్లలో సీసం పైపులు ఉండొచ్చట, మెత్తని నీళ్లలో సీసం తేలిగ్గా కరుగుతుందట. ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. ఓనర్‌ని అడిగితే “ఏమీ కాదు” అని తేల్చేశాడు.

పోస్ట్‌కోడ్‌తో ఇక్కడి నీటి సరఫరా సంస్థ స్కాటిష్ వాటర్ సైట్‌లో చూస్తే ఊరి నీళ్ల వివరాలే ఉన్నాయి, మా ఇంటి పైపుల సంగతి తెలియదు. పైపు సీసందో కాదో ఇంట్లోనే ఎలా పోల్చుకోవాలి? పరీక్ష ఎవరితో చేయించారు? జగ్ ఫిల్టర్ సరిపోతుందా? అన్నట్టు, ఇంత మెత్తని నీళ్లకు డిష్‌వాషర్‌లో ఉప్పు వేయాలా, అక్కర్లేదా?