తక్‌పట్టీ సేవ్ కావడానికి రెండున్నర సెకన్లు: నేను రాయని క్వెరీలు ఎవరు పంపుతున్నారు?

ప్రశ్న (హన్మకొండ)

అందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తి దుకాణానికి తక్‌పట్టీల (రైతుకు ఇచ్చే తూకం, లెక్క చీటీల) అప్లికేషన్ చేసి ఇచ్చాను. జావాలో రాశాను. లావాదేవీలను (అన్నీ కలిసి పూర్తి కావలసిన మార్పులను) స్ప్రింగ్ చూస్తుంది, ఎస్‌క్యూఎల్ వాక్యాలను మైబాటిస్ పంపుతుంది, తెరిచిన డేటాబేస్ కనెక్షన్లను హికారీ పూల్ దాచి మళ్లీ వాడుతుంది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8, ముంబైలోని క్లౌడ్ సర్వర్లో ఉంది. ఇక్కడి నుంచి ఒక్క రాకపోకకు (వాక్యం వెళ్లి జవాబు రావడానికి) 30 మిల్లీసెకన్లు పడుతోంది. కాంటా అయిన ప్రతి బస్తా తూకం ఒక వరుసగా ఎక్కుతుంది. నలభై బస్తాలు తెచ్చిన రైతు లెక్క సేవ్ చేస్తే రెండున్నర సెకన్లు దాటుతోంది. ఫిబ్రవరి నుంచి యార్డు మిర్చితో నిండిపోతుంది. తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన రైతును గుమస్తా ముందు ఇంకాసేపు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

సర్వర్లో జనరల్ లాగ్ (వచ్చిన ప్రతి వాక్యాన్నీ రాసుకునే చిట్టా) పెట్టి చూశాను. ఒక్క సేవ్‌కు ఇలా కనబడుతోంది:

సెలెక్ట్ 1
సెట్ ఆటోకమిట్=0
సెలెక్ట్ @@సెషన్.ట్రాన్సాక్షన్_రీడ్_ఓన్లీ
ఇన్సర్ట్ ఇంటు తూకాలు...
సెలెక్ట్ @@సెషన్.ట్రాన్సాక్షన్_రీడ్_ఓన్లీ
ఇన్సర్ట్ ఇంటు తూకాలు...

చివరిదాకా ఇదే వరుస. ఇన్సర్ట్‌లు తప్ప మిగిలినవేవీ నా కోడ్‌లో లేవు. డ్రైవర్ (జావాను మైఎస్‌క్యూఎల్‌తో కలిపే భాగం) మార్చాలా?

జవాబు (కాజీపేట)

డ్రైవర్ జోలికి వెళ్లకండి. ముందు జనరల్ లాగ్ ఆపేయండి. అది ప్రతి వాక్యాన్నీ రాసుకుంటూ పోతుంది, సీజన్లో డిస్కు నిండిపోతుంది. కావలసినప్పుడు రెండు నిమిషాలు పెట్టి, ఒకే థ్రెడ్ నంబరు (లాగ్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఉండే సంఖ్య) పట్టుకుని చదివితే చాలు.

మీ లాగ్‌లో ముగ్గురు మాట్లాడుతున్నారు. 'సెలెక్ట్ 1' పూల్ పంపుతోంది. కనెక్షన్ బతికే ఉందా అని అడగడానికి మీరే ఎక్కడో కనెక్షన్ టెస్ట్ క్వెరీ అని రాసి ఉంటారు, చూడండి. 'సెట్ ఆటోకమిట్' (ప్రతి వాక్యం వెంటనే ఖాయం కావాలా వద్దా అన్న సెట్టింగ్) స్ప్రింగ్ లావాదేవీ మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు వచ్చేది. అసలు బరువంతా మూడోదానిది, అంటే 'రీడ్_ఓన్లీ' అని అడిగే సెలెక్ట్‌ది. మైబాటిస్ ప్రతి వాక్యాన్నీ ఎగ్జిక్యూట్ అనే పిలుపుతో పంపుతుంది. సెలెక్ట్ కాని వాక్యం వచ్చినప్పుడల్లా డ్రైవర్ ఆగి, ఈ సెషన్ చదవడానికేనా, రాయవచ్చా అని సర్వర్‌ను అడుగుతుంది. నలభై ఇన్సర్ట్‌లకు నలభై ప్రశ్నలు. డేటాబేస్ పక్క గదిలో ఉంటే ఎవరికీ తెలియదు. ముంబైలో ఉంది కాబట్టి సెకనుకు పైగా అక్కడే పోతోంది.

కనెక్షన్ చిరునామా చివర 'యూజ్‌లోకల్‌సెషన్‌స్టేట్=ట్రూ' చేర్చండి. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండకూడదు, మొదటి అక్షరం చిన్నది, తక్కిన మాటల మొదటి అక్షరాలు పెద్దవి. అప్పటి నుంచి డ్రైవర్ తనకు తెలిసిన స్థితినే నమ్ముతుంది, సర్వర్‌ను అడగదు. ఒక్క షరతు: ఆటోకమిట్‌ను గానీ, ఐసొలేషన్ స్థాయిని (ఒక లావాదేవీ మార్పులు ఇంకొకదానికి ఎంతవరకు కనబడాలన్న సెట్టింగ్‌ను) గానీ, డేటాబేస్ పేరును గానీ మీ కోడ్‌లో నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంతో మార్చకూడదు. మారిస్తే డ్రైవర్ ఒకటి అనుకుంటుంది, సర్వర్ ఇంకొకటి చేస్తుంది. కోడంతా వెతికి చూసుకున్నాకే పెట్టండి.

టెస్ట్ క్వెరీ వరుస తీసేయండి. అది లేకపోతే హికారీ డ్రైవర్ చేతనే చిన్న పింగ్ ('ఉన్నావా' అన్న పలకరింపు) పంపిస్తుంది. అర సెకను లోపల వాడిన కనెక్షన్‌ను అదీ అడగదు.

జవాబు (కరీంనగర్)

పై అన్న చెప్పింది సరే. కానీ ఆ నలభై ఇన్సర్ట్‌లు నలభైగా ఎందుకు వెళ్లాలి? మైబాటిస్‌ను బ్యాచ్ పద్ధతికి (వాక్యాలను పోగుచేసి ఒకేసారి ఇచ్చే పద్ధతికి) మార్చి, చిరునామాలో 'రీరైట్‌బ్యాచ్డ్‌స్టేట్‌మెంట్స్=ట్రూ' పెట్టండి. డ్రైవర్ అన్ని వరుసలనూ ఒకే ఇన్సర్ట్‌గా కలిపి పంపుతుంది. చిరునామాలో ఈ మాట మరిచిపోతే బ్యాచ్ పెట్టినా వాక్యాలు ఒక్కొక్కటిగానే పోతాయి. నేను ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకున్నాను.

ఇంకొకటి. ఆటోకమిట్ వాక్యాలు కూడా పోవాలని పూల్‌లో ఆటోకమిట్‌ను ఫాల్స్ చేయమని ఎవరైనా చెబితే తొందరపడకండి. మీ కోడ్‌లో స్ప్రింగ్ లావాదేవీ గుర్తు పెట్టని ఫంక్షన్ ఒక్కటి మిగిలినా, అది రాసినదాన్ని కనెక్షన్ తిరిగి ఇచ్చేటప్పుడు హికారీ వెనక్కి తిప్పేస్తుంది. ఎర్రర్ రాదు, తక్‌పట్టీ మాత్రం ఉండదు. 60 మిల్లీసెకన్ల కోసం రైతు లెక్కతో ప్రయోగం చేయవద్దు.

అడిగినవారు (హన్మకొండ)

ఇద్దరికీ ధన్యవాదాలు. టెస్ట్ క్వెరీ నేను పెట్టిందే, పాత ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్న ఫైల్లో ఉంది. మొదటి మార్పుతోనే సమయం సగానికి, 1.3 సెకన్లకు వచ్చింది. బ్యాచ్ పెట్టాక 0.2 సెకన్లు. ఇప్పుడు ఒక సేవ్‌కు ఆరు రాకపోకలే: పింగ్, రెండు ఆటోకమిట్‌లు, తక్‌పట్టీ, తూకాలు, కమిట్. ఆటోకమిట్ ముట్టుకోలేదు.

ఒక్కటి మిగిలింది. అప్పుడప్పుడు డ్రైవర్ పేరు, వెర్షన్ వ్యాఖ్యగా మొదలయ్యే పొడవాటి సెలెక్ట్ కనబడుతోంది. లోపల ఆటో ఇంక్రిమెంట్, క్యారెక్టర్ సెట్ వంటి సెషన్ విలువలన్నీ ఉన్నాయి. ఇదీ తీసేయాలా?

జవాబు (కాజీపేట)

అది కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ డ్రైవర్ సర్వర్ వివరాలు తెలుసుకునే వాక్యం. హికారీ మామూలుగా 30 నిమిషాలకు పాత కనెక్షన్‌ను మూసి కొత్తది తెరుస్తుంది కాబట్టి అప్పుడప్పుడు రావడం సరైనదే. ప్రతి సేవ్‌కూ వస్తే మాత్రం పూల్ పని చేయడం లేదని అర్థం, అప్పుడు మళ్లీ రాయండి. ప్రస్తుతానికి దాన్ని అలాగే ఉండనివ్వండి.