నెలనెలా సరుకుల సంచి ఆపేసి ఫీజులు, మందులకి కడితే మేలా?

(ఒక చర్చ. ప్రతి మాటకీ పైనున్నది రాసినవాళ్ల మారుపేరు.)

తూనికరాయి

జంటనగరాల కతోలిక విచారణల్లో (ఒక గుడి, దాని పరిధిలోని విశ్వాసులు కలిపి ఒక విచారణ) చాలాచోట్ల నడిచే పద్ధతి తెలిసిందే. నెలకో ఆదివారం తెలుగు పూజ అయ్యాక ఆవరణలో బల్ల వేస్తారు. జాబితాలో పేరున్నవాళ్లు వరసలో నిలబడి సంచి పట్టుకెళ్తారు. పది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కిలో చక్కెర, పావు కిలో చింతపండు, టీ పొడి, ఒంటి సబ్బు, బట్టల సబ్బు.

ఇది ఆపెయ్యాలని నా వాదన. సంచి వెయ్యి రూపాయలనుకోండి, అందులో సగం బియ్యానికే పోతుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. ఆ ఇంటికే మనం మళ్లీ బియ్యం మోయిస్తున్నాం. మిగిలినవి టిఫిన్ బండికో, పక్కింటికో సగం ధరకి పోతాయి. అమ్ముకుంటున్నారని గొణిగేవాళ్లున్నారు గానీ, తప్పు అమ్మినవాళ్లది కాదు, అక్కర్లేనిది ఇచ్చినవాళ్లది. అరవై కుటుంబాలైతే నెలకి అరవై వేలు, ఏడాదికి 7,20,000. ముప్పై మంది పిల్లలకి తలా 24,000 ఫీజు కట్టొచ్చు.

"పేదల నోటి దగ్గర కూడు లాగుతావా" అన్న మాట ఒక్కటి పక్కనపెట్టి చెప్పండి.

అరుగు

ఆ మాట అననులెండి. మీ లెక్క కార్డు ఉన్న ఇంటికి సరిపోతుంది. లేనివాళ్ల సంగతి?

ఇళ్లలో పనికి ఝార్ఖండ్, ఒడిశా నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆదివారం హిందీ పూజలో వెనక బెంచీల్లో కనపడతారు. వాళ్ల కార్డు ఊళ్లో ఉంటుంది. ఒకే దేశం ఒకే కార్డు అన్నారు నిజమే, కానీ ఊళ్లో ఇంటివాళ్లు ఆ నెల కోటా మొత్తం విడిపించుకున్నాక ఇక్కడ వేలిముద్ర వేస్తే మిగిలేదేమీ ఉండదు. కొత్తగా పెళ్లయినవాళ్లదీ ఇదే తంటా. కోడలి పేరు పుట్టింటి కార్డులోంచి తీయించరు, అత్తింటి కార్డులో ఎక్కించరు. సంచి వీళ్లకే కావాలి. తమాషా ఏంటంటే జాబితాలో లేనిదీ వీళ్లే, ఎందుకంటే జాబితా రాసినప్పుడు వీళ్లు ఇక్కడ లేరు.

కాబట్టి ఆపాల్సింది సంచి కాదు, పాత జాబితా.

పద్దుపుస్తకం

ఇద్దరూ డబ్బు మన చేతిలో ఉందన్నట్టు మాట్లాడుతున్నారు. ముందు అది ఎవరిదో చూడండి.

1983 శ్రీసభ చట్టంలో 1267వ నియమం మూడో భాగం: విశ్వాసులు ఫలానా పనికని ఇచ్చిన కానుకని ఆ పనికే వాడాలి. "పేదల బియ్యానికి" అని ప్రకటించి పోగుచేసిన డబ్బుతో ఫీజు కట్టడానికి ఫాదర్‌గారికీ అధికారం లేదు. మార్చాలంటే ముందు నెలలో పీఠం మీంచి ప్రకటన చదవాలి, కవరు మీద మాట మార్చాలి, ఆ తరవాత వచ్చినదాంతో కొత్త పని. పాత నిల్వ పాత పనికే ఖర్చవ్వాలి. 537వ నియమం ప్రకారం ప్రతి విచారణకీ ఆర్థిక మండలి తప్పనిసరి. ఈ తీర్మానం అక్కడ మినిట్స్‌లో ఉండాలి. లేకపోతే ఫాదర్‌గారికి బదిలీ అయిన మర్నాడు పథకం మాయం.

ఆదివారం కానుకలన్నీ ఇక్కడే ఉండవని కూడా గుర్తుంచుకోండి. అక్టోబరు మిషన్ ఆదివారం వసూలు బయటికి పోతుంది. పవిత్ర శుక్రవారానిది పుణ్యభూమికి, అంటే యేసు తిరిగిన నేలకి. జూన్ నెలాఖరుది పాపుగారి (పోప్) నిధికి. తపస్సుకాలంలో (ఈస్టరుకి ముందు రోజులు) కతోలిక సేవాసంస్థ కారితాస్ ఇండియా కవర్లుంటాయి. పేదల పనికి నికరంగా నిలిచేవి పునీత అంతోనివారి రొట్టె పెట్టె (పేదల కోసం గుడిలో పెట్టే కానుకల పెట్టె), నెలకోసారి పట్టే రెండో కానుక, విడిగా ఇచ్చేవాళ్ల చందా. మూడిటికీ మూడు పద్దులు పెట్టండి.

ఇంకోటి. అమెరికాలో ఉన్న విచారణ పిల్లలు పంపిస్తామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే పరవాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు చట్టం దృష్టిలో విదేశీయులే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా సరే. ఆ రూపాయి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేని ఖాతాలో పడకూడదు. నమోదున్న సంస్థలో వేయించి మనకి మళ్లించుకుందామా అంటే, 2020 సవరణ తరవాత ఆ దారీ మూసుకుపోయింది. మేనమామ ప్రేమతో పంపిన యాభై డాలర్లతో విచారణ మొత్తం నోటీసులకి జవాబులు రాసుకుంటూ కూర్చుంటుంది.

గోదాం

సంచి ఉండాలా వద్దా మీరు తేల్చుకోండి. ఉంచితే మాత్రం సరిగ్గా కట్టండి. ఇప్పుడు కట్టే తీరులో సగం ఫిర్యాదులు సరుకు వల్ల కాదు, సర్దడం వల్ల.

పది కిలోలు మానేసి ఐదు కిలోలకి దిగండి. కారణం బస్తాలో ఉంది. 2022 జులై నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ ప్యాకెట్టు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాన్ని తప్పించుకోడానికి మిల్లులవాళ్లు 26 కిలోల బస్తా తెచ్చారు. పది చొప్పున కొలిస్తే రెండు సంచులు, ఆరు కిలోల తోక. ఐదు చొప్పున కొలిస్తే ఐదు సంచులు, తరుగుకి ఒక కిలో. కొలిచేవాళ్లు ఆ కిలోని చూసే ధైర్యంగా ముల్లు కొంచెం మొగ్గు చూపేలా తూస్తారు. తక్కువ తూగిందన్న మాట రాదు.

సబ్బులు ఇదే సంచిలో వేయకండి, దయచేసి. బట్టల సబ్బు వాసన రెండు రోజుల్లో బియ్యానికీ టీ పొడికీ పడుతుంది, వండినా పోదు. ఆ బియ్యాన్ని అమ్మేస్తే ఆశ్చర్యమేముంది? నూనె ప్యాకెట్టు అడుగున పెడితే పైబరువుకి మూల అతుకు దగ్గర చిట్లుతుంది. బియ్యం అడుగున, పప్పు పక్కన, నూనె పైన, నిలువుగా, వేరే కవర్లో. చింతపండు గింజ తీసింది కొనండి, వానాకాలం చెమ్మకి కారుతుంది కాబట్టి దానికి రెండు కవర్లు.

నిల్వ చేసే గది ఎక్కువగా గంటగోపురం కిందో, మెట్ల కిందో ఉంటుంది. సిమెంటు నేల మీద బస్తా పెడితే అడుగు పొర ముక్కిపోతుంది. చెక్కపలకలు వేసి, గోడకి జానెడు దూరం వదలండి. పప్పు నెల నిల్వకి మించి కొనొద్దు, జూన్ దాటితే పురుగు ఖాయం. దాతలు తెచ్చిన బస్తా మీద వచ్చిన తేదీ మార్కరుతో రాసి, పాతది ముందు తీయండి. క్రిస్మస్‌కి అందరూ ఒకేసారి తెచ్చిపడేసిన బియ్యం ఏప్రిల్లో పురుగులతో బయటపడుతుంది. ప్రతి ఏడూ ఇదే కథ.

తూనికరాయి

గోదాం గారూ, ఇంత శ్రమ చదివాక ఆపెయ్యాలన్న నా అభిప్రాయం మరీ గట్టిపడింది! ఇన్ని మనిషి గంటలు బియ్యం కొలవడానికి పెడుతున్నాం.

నల్లబల్ల

ఫీజు కట్టడం తేలికనుకుంటున్నారు కాబట్టి రాస్తున్నా. అందులో గోతులెన్నో.

ఎల్‌కేజీ పిల్లకి ప్రైవేటు బడిలో ఫీజు కడితే మీరు పన్నెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టినట్టే. మూడో ఏడు నిధి తగ్గి ఆపారా, బాకీ పేరుతో పిల్లని పరీక్ష గది బయట నిలబెడతారు. అసలు కట్టకపోతేనే నయమనిపిస్తుంది. అందుకే చివరి మెట్టు మీదున్నవాళ్లకి ముందు: పదో తరగతి, ఇంటర్ రెండో ఏడు, ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్ చివరి ఏడు. డబ్బు ఇంటివాళ్ల చేతికి కాదు, అడ్మిషన్ నంబరు రాసి బడి ఖాతాకి, మూడు వాయిదాల్లో. రసీదు అసలుది పద్దులో, నకలు ఇంట్లో. సిస్టర్ల బడైతే ముందు రాయితీ అడగండి, రాయితీ పోగా మిగిలినదాంట్లో సగమే మనది. మిగతా సగం ఇంటివాళ్లు నెలకి మూడొందలైనా కట్టాలి. కట్టలేకపోతే అప్పుడు మాట్లాడదాం, కానీ మొదటే మొత్తం మనమే కడతామనకండి.

మందులూ అంతే. ఆపరేషన్‌కి చందా పోగుచేసే ముందు ఆరోగ్యశ్రీ ఉందా చూడండి, 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలు. అది ఇవ్వనివి వేరే ఉంటాయి: ఆటో, తోడున్నవాళ్ల తిండి, ఇంటికొచ్చాక నెలల తరబడి వాడే మందులు. బీపీ, షుగరు మాత్రలు బస్తీ దవాఖానాలో ఉచితం. దొరకని మాత్రకే మన డబ్బు, అదీ డాక్టరు చీటీ మూడు నెలల లోపుదైతే.

అరుగు

ఇవన్నీ చేయాలంటే ఒకరు ఇంటికెళ్లి కూర్చుని కార్డులు, చీటీలు, రసీదులు చూడాలిగా. పేదల ఇళ్లకి వెళ్లి సాయం చేసే కతోలికుల విన్సెంట్ డి పాల్ సంఘం మొదలైంది అలాగే. 1833లో పారిస్‌లో ఓజనాం అనే విద్యార్థి, తోటివాళ్లు బయల్దేరితే, సిస్టర్ రోజలీ రెందు వాళ్లని పేదల ఇళ్లకి పంపింది, చేతికి రొట్టె చీటీలిచ్చింది. రొట్టె ఇవ్వడానికి వెళ్లారు కాబట్టి తలుపు తీశారు. సంచి ఆ తలుపు తట్టే చెయ్యి. ఉత్త చేతుల్తో వెళ్లి "మీ కష్టాలేంటి" అంటే సర్వే వాళ్లనుకుంటారు.

అందుకే నా సూచన: బల్ల తీసెయ్యండి, సంచి ఇంటికి తీసుకెళ్లండి. ఎప్పుడూ ఇద్దరు, ఒంటరిగా వద్దు. అక్కడ ఏ మాటా ఇవ్వకూడదు, "సమావేశంలో చెప్తాం" అనాలి. వారం సమావేశంలో పేరు కాకుండా నంబరుతో చర్చ.

చింతబరికె

మధ్యే మార్గం ఆ చీటీయే కదా! పేట కిరాణా కొట్టుకి ఎనిమిదొందల చీటీ. కావాల్సింది వాళ్లే కొనుక్కుంటారు. గోదాం లేదు, పురుగు లేదు.

పద్దుపుస్తకం

కొట్టువాడు చీటీకి ఆరొందల నగదిచ్చి రెండొందలు మిగుల్చుకుంటాడు. లేదా పాత ఖాతా బాకీకి జమేసుకుంటాడు. చీటీ పెట్టాలంటే: వరస నంబరు, కుటుంబం నంబరు, ఆ నెలాఖరు గడువు, ఇవ్వకూడని వస్తువుల పేర్లు వెనక అచ్చు. కొన్న సరుకు బిల్లు చీటీకి పిన్ను కొడితేనే డబ్బు, అదీ పదో తారీఖున. రెండు కొట్లుండాలి, ఒక్కటే అయితే ధర పెంచుతాడు. ఇవి చేస్తే పనికొస్తుంది.

బెంచీచివర

వరస గురించి ఎవరూ గట్టిగా అనలేదు. సంచి చేతికిస్తూ ఫొటో, అది విచారణ వాట్సాప్ గ్రూపులో, దాత పేరుతో సహా. ఇది మొదట ఆపాలి. ఇందులో పరువొక్కటే కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి లేదు. ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు), రిజర్వేషన్ ఒక్క శాతం. ఒక్కో ఇంట్లో ఒకరి సర్టిఫికెట్ ఎస్సీ అని, ఒకరిది బీసీ-సీ అని ఉంటుంది. మీ ఫొటో ఆ ఇంటి గొడవల్లోకి ఏ రూపంలో వెళ్తుందో మీకు తెలీదు.

చింతబరికె

అంటే సర్టిఫికెట్ల కోసం గుడి దాపరికం చెయ్యాలా?

బెంచీచివర

లేదు. జ్ఞానస్నానం రిజిస్టరు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, దాన్ని ఎవరూ చింపమనడం లేదు. ఎవరింట్లో బియ్యం లేవో నోటీసు బోర్డు మీద వద్దంటున్నా. తిమోతికి రాసిన మొదటి లేఖ ఐదో అధ్యాయంలో వితంతువుల జాబితాకి అరవై ఏళ్ల నియమం పెట్టారు, కాబట్టి జాబితా, అర్హత మనకి కొత్త కాదు. గోడకి అతికించమని అందులో లేదు.

ఇతర మతాలవాళ్లు అడిగితే ఇవ్వండి, కానీ సంచిలో కరపత్రం, ఇచ్చేముందు ప్రార్థన వద్దు. నా మటుకు దీనిమీద ఇంతకన్నా చర్చ అక్కర్లేదు.

తూనికరాయి

సరే, కొంత దిగుతున్నా. కార్డున్న ఇళ్లకి బియ్యం ఆపి చీటీ. కార్డు లేనివాళ్లకి ఐదు కిలోల సంచి, కార్డు చేతికొచ్చేదాకా, ఆ దరఖాస్తు కూడా మనవాళ్లే పెట్టించాలి. మిగిలినది ఫీజులు, మందులు. మూడు నెలలకోసారి జాబితా తిరగరాయాలి. పద్దుపుస్తకం గారు చెప్పినట్టు వచ్చే నెల ప్రకటన, ఆపై నెల మొదలు.

గోదాం

ఇంటికెళ్లేదెవరు? ఒక జంట ఆదివారం మధ్యాహ్నం నాలుగిళ్లు చూడగలదు, నెలకి రెండు ఆదివారాలు వస్తారనుకుంటే ఎనిమిది. అరవైకి ఎనిమిది జంటలు, పదహారు మంది. చాలా విచారణల్లో సంఘం సభ్యులు అరవై దాటిన పెద్దలు, ఈ ఇళ్లేమో లిఫ్టు లేని మూడో అంతస్తులు. యువతని పిలవండి, కానీ ఒక పెద్ద, ఒక చిన్న చొప్పున జంట కట్టండి. ఇద్దరూ కుర్రాళ్లే అయితే ఇంటి ఆడవాళ్లు నోరు విప్పరు.

తూనికరాయి

ముందు నాలుగు జంటలతో, కార్డు లేని ఇళ్లతోనే మొదలుపెడితే? మిగతావాళ్లకి అప్పటిదాకా బల్ల అలాగే ఉంటుంది. ఫొటో మాత్రం ఈ ఆదివారం నుంచే బంద్.

గోదాం

అలా అయితే సరే. సబ్బు వేరే కవర్లో.