అప్‌డేట్: మొదటి పాత తరహా పిస్టల్, చివరికి .32 తూటా సైజులోనే

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఓ మోస్తరు బడ్జెట్‌కి కోల్ట్ 1911 (.45 తూటా పిస్టల్) లాంటిది దొరుకుతుందా అని అడిగాను కదండీ. .45 ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు లైసెన్స్‌కి ఇవ్వని తూటా సైజు), ఆ ఆశ వదిలేశాను. మీరు చెప్పిన కోల్ట్ 1903నే (.32, మ్యాగజైన్‌లో 8 తూటాలు) సెకండ్ హ్యాండ్‌లో ఖాయం చేసుకున్నాను. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (పేల్చే ముందు తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లారా చూశాకే బ్యారెల్‌లోకి లైటు వేశాం: రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలిక గాళ్లు) పదునుగా ఉంది, తుప్పు గుంటల్లేవు. రీకాయిల్ స్ప్రింగ్ (పేలాక వెనక్కి వెళ్లిన స్లైడ్‌ని, అంటే పిస్టల్ పై భాగాన్ని, ముందుకు తోసేది) మాత్రం నీరసించింది, మార్పించాలి.

ఒక్కటి మరవకండి. .32 తూటా అడుగు అంచు కాస్త బయటికి ఉంటుంది. పై తూటా అంచు కిందిదాని వెనక పడితే రెండూ కొక్కెం పడి మ్యాగజైన్ బిగుసుకుపోతుంది. నింపేటప్పుడు పైదాని అంచు ముందుకే ఉండాలి. పొట్టిగా ఉండే హాలో పాయింట్లతో (మొనలో గుంట ఉన్న తూటాలతో) ఈ బెడద ఎక్కువ.

లైసెన్స్ ఒడిశా వరకే ఉంటే, విశాఖలో కొనేముందు కలెక్టరేట్‌లో కనుక్కోండి.