ఉప్పు నీళ్లలో కరగడం భౌతిక మార్పేనా? ఏడో తరగతికి ఏం చెప్పాలి?

జడ్పీ_పీఎస్_టీచర్:
ఏడో తరగతికి భౌతిక, రసాయన మార్పుల పాఠం నడుస్తోంది. ఉప్పు కరగడం భౌతిక మార్పు, నీళ్లు ఇగిరిపోతే ఉప్పు తిరిగొస్తుంది కాబట్టి అని చెప్పాను. ఇంటర్‌కి కెమిస్ట్రీ చెప్పే మా బంధువొకాయన మాత్రం, ఉప్పులోని అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) విడిపోతుంటే భౌతిక మార్పు ఎలా అవుతుందని పట్టుకున్నారు. పన్నెండేళ్ల పిల్లలకు ఈ గొడవ అవసరమంటారా?

రిటైర్డ్_మాస్టారు:
అక్కర్లేదండీ. కొత్త పదార్థం ఏదీ పుట్టలేదు, కాబట్టి భౌతిక మార్పే. చినగంజాం, నౌపడ ఉప్పు మళ్లలో జరిగేదేమిటి? ఎండకు నీళ్లు ఇగిరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. పిల్లలు కళ్లతో చూడగలిగేది అదే. అయాన్ల సంగతి పై తరగతుల వాళ్లు చూసుకుంటారు. ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో బిట్ వస్తే ఏది పెట్టాలో ముందు తేల్చి చెప్పాలి.

ఇంటర్_కెమిస్ట్రీ:
మాస్టారూ, జవాబుతో నాకు పెద్ద పేచీ లేదు. దానికి చెప్పే కారణంతోనే పేచీ. తిరిగొస్తే భౌతికం, రాకపోతే రసాయనం అన్న సూత్రం నిలబడదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేడి చేస్తే తెల్లబడుతుంది, నీటి చుక్క వేస్తే మళ్లీ నీలం అవుతుంది. తిరిగొచ్చినా అది రసాయన మార్పే. కట్టె చీలిస్తే మళ్లీ అతకదు, అయినా అది భౌతిక మార్పే.

ఇంకోటి చూడండి. వంటసోడా నీళ్లలో చక్కగా కరుగుతుంది. ఆ నీళ్లను పొయ్యి మీద మరిగించి ఇగర్చితే చివర్లో మిగిలేది చాలావరకు వాషింగ్ సోడా, వంటసోడా కాదు. వేడికి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పిల్లాడు ‘తెల్లపొడి తిరిగొచ్చింది సార్’ అంటాడు. మీ సూత్రం ప్రకారం వాడికి ఫుల్ మార్కులు! పసుపు పూసిన కాగితం మీద మొదటి ద్రావణం ఒక చుక్క, మిగిలిన పొడిని కలిపిన నీళ్లు ఒక చుక్క వేసి చూపించండి. రెండోది బాగా ఎర్రగా వస్తుంది, దానిలో క్షారగుణం ఎక్కువ కాబట్టి.

ఉప్పు దగ్గరికి వస్తే, 9 వోల్టుల బ్యాటరీకి చిన్న ఎల్‌ఈడీ తగిలించి తీగల కొసలు ఉప్పునీటిలో పెడితే వెలుగుతుంది. పంచదార నీళ్లలో వెలగదు, కరెంటు మోసే అయాన్లు అందులో ఉండవు కాబట్టి. రెండింటికీ ఒకే మాట రాయించి ఊరుకుంటే ఈ తేడా ఎక్కడికి పోవాలి?

రిటైర్డ్_మాస్టారు:
కరిగినప్పుడే అయాన్లు విడిపోతాయని స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1884లో సిద్ధాంత వ్యాసం రాస్తే అక్కడి ఉప్సాలా యూనివర్సిటీ ప్రొఫెసర్లు నాసిరకం గ్రేడు ఇచ్చారు. ఆయనకు నోబెల్ వచ్చింది 1903లో. ప్రొఫెసర్లకే అంత కష్టమైతే మా ఏడో తరగతి వాళ్ల మీద ఎందుకండీ ఈ బరువు?

కేజీబీవీ_సైన్స్:
ఇద్దరూ పేరు దగ్గరే ఆగిపోయారు. నా క్లాసులో అసలు టెన్షన్ వేరు. ఉప్పు కరిగాక ‘మాయమైపోయింది’ అనే పిల్లలు సగం మంది ఉంటారు. కరగడానికి ముందు, తర్వాత త్రాసులో పెట్టించకుండా భౌతికమా రసాయనమా అని అడిగితే వాళ్లకు ఏం అర్థమవుతుంది? 100 గ్రాముల నీళ్లలో 30 గ్రాముల ఉప్పు వేస్తే 130 గ్రాములు తూగుతుంది. ముందు అది చూడనివ్వండి.

తర్వాత ఎంత కరుగుతుందో కొలిపించండి. గది వేడిలో 100 మి.లీ. నీటికి ఉప్పు సుమారు 36 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. పంచదార 200 గ్రాములు దాటినా కరుగుతూనే ఉంటుంది. వంటసోడా 10 గ్రాముల దగ్గరే అడుగున మిగిలిపోతుంది. మూడూ తెల్లగానే ఉంటాయి! నీళ్లు వేడి చేస్తే పంచదార ఇంకా బోలెడు పడుతుంది, అందుకే పాకం అంత చిక్కగా వస్తుంది. ఉప్పు మాత్రం మరిగే నీళ్లలో కూడా 40 గ్రాముల లోపే. ద్రావణీయత ఒక్కో పదార్థానికి ఒక్కో రకంగా ఉండే గుణమని ఇంతకంటే బాగా ఎలా చెప్తాం? నేను రెండు పీరియడ్లు దీనికే ఇస్తాను. పేరు పెట్టడానికి చివర్లో ఐదు నిమిషాలు చాలు.

ఇంటర్_కెమిస్ట్రీ:
ఆ ఐదు నిమిషాల్లో ఏం చెప్తారు మేడమ్?

కేజీబీవీ_సైన్స్:
‘పరీక్షలో భౌతిక మార్పు అని రాయండి. కొన్ని మార్పులు ఈ రెండు గదుల్లో సరిగా ఇమడవు, పై తరగతిలో చూస్తారు’ అంటాను. అబద్ధం చెప్పినట్టు కాదు, మార్కూ పోదు.

రిటైర్డ్_మాస్టారు:
‘ఇమడవు’ అన్నారంటే బిట్ పేపర్లో పిల్లాడు తటపటాయిస్తాడమ్మా. నాకు ఒప్పుదల లేదు. త్రాసు సంగతి మాత్రం బాగుంది.

జడ్పీ_పీఎస్_టీచర్:
మా బడిలో ఉన్నది ఒక్క త్రాసు, పిల్లలు నలభై మంది. బృందాలుగా చేయిస్తాను. ‘తిరిగొస్తుంది కాబట్టి’ అన్న ముక్క తీసేసి ‘ఉప్పు ఉప్పుగానే ఉంది’ అని రాయిస్తే సరిపోతుందా?

ఇంటర్_కెమిస్ట్రీ:
ఏడో తరగతికి సరిపోతుంది. వంటసోడా ప్రయోగం చేస్తే స్టీలు గిన్నె తీసుకోండి. అల్యూమినియం గిన్నె నల్లబడుతుంది, పిల్లలు దాన్నే ప్రయోగ ఫలితం అనుకుంటారు.