నైఫై ఫ్లో ప్రొడక్షన్‌లోకి ఇంపోర్ట్ చేస్తే కనెక్షన్ పూల్ లింకు తెగిపోతోంది

నైఫై అంటే డేటాను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే సాఫ్ట్‌వేర్; అందులో గీసుకునే పని క్రమమే ఫ్లో. డెవలప్‌మెంట్ (తయారీ, పరీక్షల) నైఫై బరంపురంలో, ప్రొడక్షన్ (అసలు పని నడిచేది) పర్లాకిమిడిలో. రెండింటికీ రిజిస్ట్రీ (ఫ్లోల వెర్షన్లను దాచే చోటు) ఒకటే. మండీల నుంచి వచ్చే ధాన్యం కొనుగోలు సీఎస్‌వీ ఫైళ్లను మేరియాడీబీ డేటాబేస్‌లోకి ఎక్కించే ఫ్లోలివి. ఒకే ఫ్లోను ప్రొడక్షన్‌లో గంజాం డేటాబేస్‌కు ఒకసారి, గజపతి డేటాబేస్‌కు ఒకసారి ఇంపోర్ట్ చేయాలి.

పూల్ సర్వీసు (డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి పంచే భాగం) ప్రాసెస్ గ్రూపు (ఒక ఫ్లో ఉండే పెట్టె) బయట, రూట్‌లో (అన్ని గ్రూపులకూ పైనున్న స్థాయిలో) ఉంది. ప్రొడక్షన్ రూట్‌లో రెండు పూల్స్‌కూ డెవలప్‌మెంట్‌లోని పేరే పెడితే ఏది తీసుకోవాలో తేలక లింకు ఖాళీ. పేర్లు మార్చితే సరిపోయే పేరు దొరకక మళ్లీ ఖాళీ. రెండు సందర్భాల్లోనూ డేటాబేస్‌లోకి రాసే పుట్‌డేటాబేస్‌రికార్డ్ ప్రాసెసర్‌లో 'ఇన్‌కంపాటిబుల్ కంట్రోలర్ సర్వీస్ కాన్ఫిగర్డ్' (పెట్టిన సర్వీసు సరిపోదు) అని వస్తోంది.

పాస్‌వర్డ్‌తో ఇబ్బంది లేదు. సెన్సిటివ్ పారామీటర్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య సెట్టింగ్) విలువను రిజిస్ట్రీ తనలో భద్రపరచదు కాబట్టి ఇంపోర్ట్ అయ్యాక నైఫై టూల్‌కిట్‌లోని సెట్-పారామ్ కమాండ్‌తో పెడుతున్నాం.

పూల్‌ను గ్రూపు లోపలే పెట్టి చూశాం. లింకు నిలిచింది గానీ, ఒక్కో డేటాబేస్‌కు 20 గ్రూపులు, పూల్‌కు డిఫాల్ట్‌గా 8 కనెక్షన్లు, అంటే 160. మేరియాడీబీ డిఫాల్ట్ కనెక్షన్ల పరిమితి 151. లోడు పెరిగితే 'టూ మెనీ కనెక్షన్స్'. పూల్‌ను 2కు తగ్గిస్తే 500 మిల్లీసెకన్ల వెయిట్ టైమ్ దాటి టైమ్‌అవుట్లు. పరిమితి పెంచుదామంటే సర్వర్‌లో మెమరీ తక్కువ. అందుకే పూల్ బయటే, అందరికీ ఉమ్మడిగా ఉండాలి.

ఒకే ఫ్లో, రెండు డేటాబేస్‌లు ఉన్నప్పుడు, ప్రతి ఇంపోర్ట్ తర్వాత చేత్తో కలపనక్కర్లేకుండా ఏ గ్రూపు పూల్ దానికే తగులుకోవాలంటే ప్రొడక్షన్‌లో గ్రూపులను, పూల్స్‌ను ఎలా అమర్చాలి?