సోవియట్ పతనాన్ని ఎలెన్ దాంకోస్ నిజంగా ముందే చెప్పారా?

పుస్తకాల పురుగు:
ఫ్రెంచ్ చరిత్రకారిణి ఎలెన్ కారేర్ దాంకోస్ 2023లో పోయినప్పుడు నివాళులన్నిటిలో ఒకటే మాట: సోవియట్ యూనియన్ కూలుతుందని 1978లోనే చెప్పారని. ఆ పుస్తకం పేరే ‘ముక్కలైన సామ్రాజ్యం’. నాకైతే ఈ పొగడ్తలో సగమే నిజం అనిపిస్తుంది. ఆవిడ వేలు చూపించింది మధ్య ఆసియా వైపు. అక్కడి ముస్లిం రిపబ్లిక్కుల్లో జననాలు ఎక్కువ, రష్యన్లలో తక్కువ, ఆ తేడాయే మాస్కో మెడకు చుట్టుకుంటుందని లెక్క. జరిగిందేమిటి? ముందు తెగించింది లిథువేనియా, 1990 మార్చిలో. చివరి దెబ్బ ఉక్రెయిన్‌ది, ఆపైన సాక్షాత్తూ రష్యాది. మధ్య ఆసియా వాళ్లేమో 1991 మార్చి రెఫరెండంలో యూనియన్ ఉండాలనే 90 శాతం పైగా ఓటేశారు. కజకిస్తాన్ అందరికంటే ఆఖరున, డిసెంబర్ 16న బయటికొచ్చింది. పార్టీ ఓడుతుందని సరిగ్గా చెప్పి, ఏ జిల్లాల్లో ఓడుతుందో తారుమారు చేసిన సర్వే లాంటిదిది.

కృష్ణ ఒడ్డు:
మీరు మరీ పిసినారిగా మార్కులేస్తున్నారండీ. ఆ రోజుల్లో సోవియట్ నిపుణులంటే ఎక్కువమందికి క్రెమ్లిన్‌లో ఎవరు పైకొస్తారు, క్షిపణులెన్ని అన్నదే ధ్యాస. అది ఒక్క దేశం కాదు, జాతుల మూట, ఆ ముడి వదులవుతోంది అని జనాభా లెక్కలు ముందేసుకుని చెప్పడం చిన్న విషయమా? పైగా 1986 డిసెంబర్‌లో కజక్ నాయకుణ్ని తీసేసి రష్యన్ కోల్బిన్‌ను కూర్చోబెడితే అప్పటి కజక్ రాజధాని అల్మా-అటా వీధులు భగ్గుమనలేదా?

పాత కామ్రేడ్:
విశాలాంధ్ర వ్యాన్ వచ్చినప్పుడల్లా సోవియట్ పుస్తకాలు కొనుక్కున్న బ్యాచ్ మాది. 1991 డిసెంబర్‌లో మా నాన్న రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈవిడ పేరు అప్పట్లో మా చెవిన పడలేదు, పడినా సీఐఏ మనిషి అనేసేవాళ్లం!

పుస్తకాల పురుగు:
కృష్ణ ఒడ్డు గారూ, అల్మా-అటా మాట ఒప్పుకుంటాను. కానీ కోపం వేరు, విడిపోవడం వేరు. అదే కజకిస్తాన్ నాలుగేళ్లు దాటాక ఎలా ఓటేసిందో పైన రాశాను. జాతుల సంగతి ఆవిడకు ముందే ఎందుకు కనిపించిందంటే, నా ఊహ ఇది: తండ్రి జార్జియా వలసదారు. 1921లో ఎర్రసైన్యం ఆక్రమించిన దేశం అది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు రష్యా, సోవియట్ ఒకటే అని ఎవరూ నమ్మించలేరు.

కృష్ణ ఒడ్డు:
అంటే ప్రశ్న సరిగ్గా పట్టుకున్నారు, జవాబే తప్పింది. సరే, అంతవరకూ నేనూ సంతకం పెడతా.

దారిన పోయే దానయ్య:
చర్చకు సంబంధం లేదు గానీ, 1999లో ఫ్రెంచ్ భాష బాగోగులు చూసే ఫ్రెంచ్ అకాడమీకి తొలి మహిళా శాశ్వత కార్యదర్శి అయ్యాక కూడా ఆవిడ తన పదవిని పుంలింగంలోనే పిలిపించుకున్నారు. ‘చరిత్రకారిణి’ అని మొదలెట్టారు, చూసుంటే ముందు దాన్ని దిద్దేవారు.